బస్సు మీద చాచా

మా పక్కింటి చాచా దేవరకొండ బస్సు ఖాళీగా ఉన్నా లోపల కూర్చునేవాడు కాదు, టాపెక్కేవాడు. కండక్టర్లు తిట్టి తిట్టి వదిలేశారు. ఫౌజులో ఆయన సిపాయిలను మోసే ఎనిమిది చక్రాల ఉక్కుబండి నడిపాడు.

“లోపట జాగా ఉంది గద చాచా?” అని ఒకసారి అడిగాను.

“తూటాలను ఇనుము ఆపుతది బేటా. మందుపాతర కిందికెల్లి పేలుతది. గందుకే జవాన్లంత బండి మీద కూసునేటోళ్లు. నడిపేటోన్ని, నేనొక్కన్నే లోపట.”

ఆయనను బస్సు లోపల ఒక్కసారే చూశాను. జ్వరంతో ఉన్న మనుమరాలిని నల్గొండ దవాఖానకు తీసుకుపోతున్నాడు. పసిపిల్లతో టాపెక్కలేడు కదా, ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. నల్గొండ వచ్చేదాకా ఆ పిల్ల పాదాల కింద రెండు అరచేతులూ పట్టే ఉంచాడు.