అభ్యంతరాల తాతయ్య, ఏటి ఒడ్డు మేడలు

మా తాతయ్యకు అభ్యంతరం చెప్పడమంటే ఊపిరి పీల్చుకున్నంత తేలిక. తెల్లవారితే "అంత తొందరేం వచ్చిందో" అని సూర్యుడి మీద విసుక్కుంటాడు. సెలూన్‌లో జుట్టు కత్తిరించాక అద్దంలోకి చూసి, "ఈ ముఖం మీద నాకు అభ్యంతరం ఉంది" అన్నాడొకసారి.

"అది నేను చేసింది కాదు బాబాయ్" అన్నాడు కత్తెర పట్టుకున్నాయన.

అలాంటి మనిషి కంట మునిసిపల్ ఆఫీసు ప్రకటన పడింది. ఏటి ఒడ్డున కట్టబోయే మేడల మీద అభ్యంతరాలుంటే ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చట. ఆకలిగొన్నవాడికి విందు పిలుపు వచ్చినట్టయింది.

"ఇవాళ ఎవరి ప్రాణం తీయడానికండీ?" అంది అమ్మమ్మ, ఇస్త్రీ చొక్కా అందిస్తూ.

"నా మాట వినడానికి జీతమిచ్చి మరీ ఒక మనిషిని కూర్చోబెట్టారే. ఈ ఇంట్లో ఎన్నడైనా ఉందా ఆ సౌకర్యం?"

ఆఫీసు హాల్లో బల్ల మీద అట్టతో చేసిన మేడల నమూనా ఉంది. చుట్టూ స్పాంజి చెట్లు, వాటి కింద నవ్వుతూ నడిచే అట్ట మనుషులు. పడవలవాళ్లు చేపలు దింపుకునే రేవు ఉండాల్సిన చోట నీలం రంగు ఈతకొలను. పక్కనే ఏరు పారుతుంటే కొలనెందుకని అడగకూడదు. ఏరు అందరిదీ, కొలను కొన్నవాళ్లది.

రేవు పోతే బతుకు పోయేది పడవలవాళ్లకు. విచారణ పెట్టిందేమో వాళ్లంతా నీళ్ల మీద ఉండే వేళకు. ఎంత ముందుచూపో. అందుకే హాల్లో అధికారి, బిల్డరు, తాతయ్య తప్ప మిగిలినవన్నీ ఖాళీ కుర్చీలే. బిల్డరు ఉపన్యాసాన్ని అవి బుద్ధిగా విన్నాయి.

"మాట్లాడేవాళ్లు లేకపోతే ముగించేద్దాం" అన్నాడు అధికారి.

తాతయ్య లేచాడు. "నాకు అభ్యంతరం ఉంది బాబూ."

"దేనిమీదండీ?"

"ముందు ఆ చెట్ల మీద. ఏ కాలంలోనూ ఆకు రాల్చేలా లేవు."

"అది స్పాంజి అండీ" అన్నాడు బిల్డరు.

"ఇల్లు కొన్నాక గోడల గురించి కూడా ఇదే మాట చెబుతావా?"

తర్వాత అట్ట మనుషుల మీదికి వెళ్లాడు. "ఇంతమందిలో ఒక్క ముసలివాడూ లేడేం? మేమందరం పోయామా?" అక్కడినుంచి లిఫ్టు, లిఫ్టు నుంచి బాల్కనీ, బాల్కనీ నుంచి స్నానాలగది గచ్చు. అధికారి గడియారం చూశాడు, ఆవులించాడు, మళ్లీ గడియారం చూశాడు.

"పెద్దాయనా, ఇంకెంతసేపు?"

"తొందరపెట్టడం మీద కూడా నాకు అభ్యంతరం ఉంది. రాసుకో బాబూ."

గొంతు బొంగురుపోయి, మాట గాలిగా మారుతున్న సమయానికి తలుపు తెరుచుకుంది. తడి కాళ్లతో, చేపల వాసనతో పడవలవాళ్లు లోపలికి వచ్చారు. ముందు నడిచిన ఆవిడే వాళ్ల పెద్ద, గట్టి మనిషి.

"నువ్వు చెప్పినట్టే బాబాయ్, చేపలు కూడా దించకుండా వచ్చేశాం. అయిపోలేదు కదా?"

"మొదలే కాలేదమ్మా. ఇందాకటినుంచి గొంతు సవరించుకుంటున్నాను" అని తాతయ్య కూర్చున్నాడు. "నాకింక ఏ అభ్యంతరమూ లేదు బాబూ. వీళ్లు చెబుతారు, విను."

బిల్డరు తాతయ్య వైపు చూసిన చూపుకు స్పాంజి చెట్లు కూడా ఆకులు రాల్చేవే.

ఆమె నమూనా చుట్టూ తిరిగి చూసింది. "మరి పడవలు ఎక్కడ కట్టుకోవాలి సార్, లిఫ్టులోనా?"

అధికారి నవ్వును దగ్గులా మార్చుకున్నాడు. రేవు కదలకుండా ప్లాను మార్చి తెస్తేనే అనుమతి అన్నాడు. బిల్డరు అక్కడే నిలబడి, ఈతకొలనును గోటితో గీకి ఊడదీసుకున్నాడు.

తాతయ్య గొంతు మాత్రం పూర్తిగా పోయింది. ఇల్లంతా హాయిగా ఉంటుందనుకున్నాం. వారం తిరక్కుండానే అమ్మమ్మ డాక్టరును పిలిపించింది.

"నొప్పి ఎక్కడ?" అన్నాడు డాక్టరు.

"నొప్పి ఆయనకు కాదు డాక్టరుగారూ, నాకు. ఏమన్నా తలూపుతున్నారు. మా అన్నయ్య వచ్చి నెల్లాళ్లుంటాడంటే కూడా ఊపారు. ఇలాంటి మనిషితో కాపురం నాకు అలవాటు లేదు. త్వరగా బాగుచేయండి."