టార్పెడో ఆంటీ

“...పొద్దున్నించీ దించుతూనే ఉన్నాం, ఎత్తుతూనే ఉన్నాం, ఇంకేం కావాలండీ మీకు?” అంటున్నాడు మేనేజరు మధుసూదనరావు.

“మనుషులు కావాలి. లేదా మనుషులంత బరువు,” అంది కమలాదేవి. “ఖాళీ పడవని మోస్తే అది హుక్కు గొప్పేం కాదు.”

సింగపూరులో బూన్ లే దగ్గరి ఆ వర్క్‌షాపులో ఓడల లైఫ్‌బోట్లు బాగుచేస్తారు. పడవ వేలాడే హుక్కులు బాగున్నాయని చివర సంతకం పెట్టేది కమలాదేవి. శ్రీకాకుళం నుంచి వచ్చిన పనివాళ్ళు ఆమెను ఎదురుగా మేడం అనీ, వెనకాల టార్పెడో ఆంటీ అనీ అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

విశాఖలో పెరిగిన కమలాదేవి, బీచ్ రోడ్డులో నిలబెట్టిన జలాంతర్గామి లోపలికి వెళ్ళి చూసిన నాటి నుంచి వాటి గురించి దొరికిందల్లా చదివింది. కొత్తగా చేరిన వాళ్ళందరికీ మొదటిరోజే ఒక సంగతి చెబుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జలాంతర్గాములు వదిలిన టార్పెడోలు చాలా వరకు శత్రువు ఓడల అడుగునుంచి దూసుకుపోయేవి. సూటిగా తగిలినవీ ఎన్నోసార్లు పేలలేదు. పైవాళ్ళు నావికులకు గురి చేతకాదన్నారు. తీరా చూస్తే, పరీక్షల్లో బిగించిన తలభాగం అసలు పేలుడు తలకన్నా తేలిక. పరీక్షలో సరిగా వెళ్ళిన టార్పెడో యుద్ధంలో మరింత లోతుకు దిగిపోయింది.

“మళ్ళీ ఆ పురాణం విప్పకండి. అవి బాంబులు, ఇది పడవ,” అన్నాడు మధుసూదనరావు.

“అందుకే చెబుతున్నా. అది పేలకపోతే శత్రువు బతికాడు. ఇది ఊడితే మనవాళ్ళు పోతారు.”

“ఓడ సాయంత్రం బయలుదేరాలి. బరువుకి పడవలో పెట్టే నీళ్ళ సంచులు రేపటిగ్గానీ రావు. వచ్చే నెల మీ కాంట్రాక్టు పొడిగించమని రాయాల్సింది నేనే, అదీ గుర్తుంచుకోండి.”

“సారూ, మేడం గారు పట్టుకున్నారంటే ఈ హుక్కులు ఏ మూలకండి!” అన్నాడు కొండయ్య, తాడు చుడుతూ.

“నువ్వు నోర్ముయ్.”

“కొండయ్యా,” అంది కమలాదేవి, “దీన్నిండా మనుషుల్ని ఎక్కించి దించుతాం. నువ్వెక్కుతావా?”

“నానెందుకెక్కుతానండి? పెళ్ళాం పిల్లలున్నోణ్ణి. సార్ని ఎక్కమనండి.”

మధుసూదనరావు పడవకేసి చూశాడు. ఒకడుగు వెనక్కి వేశాడు. అంతలో అతని ఫోను మోగింది. ఓడ ఏజెంటు. “మీరే చెప్పుకోండి,” అని ఫోను ఆమె చేతికిచ్చాడు.

కమలాదేవి ఇంగ్లీషులో చెప్పింది: “ఈ రోజు సంతకం పెట్టడం లేదు. రేపు నిండు బరువుతో పరీక్ష చేస్తాం. అప్పటిదాకా ఓడ ఆగాలి.”