పట్టుదారం బెల్టు

మా నాయనకు ఇంగ్లీషు రాదు. అయినా ఆయన ప్రాణమంతా ఒక ఇంగ్లీషు క్యాసెట్టులో ఉండేది. చీరలు అప్పజెప్పడానికి బెంగళూరు నగర్తపేటకు వెళ్ళినప్పుడు ఫుట్‌పాత్ మీద కొన్నాడట. అట్ట మీద గడ్డం, టోపీ, ఎవరినీ లెక్కచేయని చూపు. ఆ అమెరికా గాయకుడు కంపెనీవాళ్ళు చెప్పినట్టు పాడనని మొండికేసి, తన పాట తాను పాడుకున్న బాపతని నాకు పెద్దయ్యాక తెలిసింది. నాయనకు ఆ చూపుతోనే తెలిసిపోయింది.

"ఎవురి మాటా ఇననోడు ఈయప్ప," అని మురిసిపోయేవాడు. తను మాత్రం దొడ్డబళ్ళాపురంలో మరమగ్గం మీద జీవితమంతా షావుకారు చెప్పిన అంచే నేశాడు. నెమళ్ళూ హంసలూ లేకుండా, ఉత్త గీతలతో ఒక్క చీర నేయాలని ఆయన ఆశ.

"ఉత్త గీతలు ఎవురు కడతారప్పా?" అని షావుకారు నవ్వేవాడు. నాయన ఇంటికొచ్చి క్యాసెట్టు పెట్టేవాడు.

"ఆ ఎద్దు రంకె ఆపుతావా?" అని అమ్మ వంటింట్లోంచి అరిచేది.

ఒకసారి టేపురికార్డరు లోపల చక్రాన్ని తిప్పే రబ్బరు బెల్టు తెగింది. ఇంట్లో దారం పెట్టుకుని రిపేరుకివ్వడం నేతగాళ్ళ ఇంటావంటా లేదు. అమ్మా నాయనా కలిసి పట్టుదారం పేని బెల్టు చేసేశారు. అప్పటినుంచి గాయకుడి గొంతు బరువెక్కి నిదానించింది. మాటిమాటికీ సన్నగా వెక్కేది. పాపం, ఏడుపు దిగమింగుతున్నాడనుకుని నేనూ కళ్ళు తుడుచుకునేవాణ్ణి.

నాయన పోయాక మగ్గం అమ్మేశాం. టేపురికార్డరు ఎటు పోయిందో తెలియదు. ఆ గొంతు కోసం ఎంత అల్లాడానో చెప్పలేను.

మొన్న సాయంత్రం, బెంగళూరు కాడుగోడిలో మా ఇంట్లో, ఆ ఆల్బమ్ ఫోన్లో దొరికింది. ఆత్రంగా పెట్టాను. ఎవడో కుర్రాడు హుషారుగా పాడుతున్నట్టుంది. వేగం తగ్గించాను. పాట నిదానించింది గానీ, వెక్కు రాలేదు.

"ఇందులో ఏడుపు లేదేమ్మా?" అన్నాను, పక్కన అనపకాయలు ఒలుస్తున్న అమ్మతో.

"ఏడుపేందప్పా? అది ముడి. దారం బెల్టుకు నేనే ఏసింటి. అది చక్రం మీదికొస్తే పాట ఎగిరేది. సన్నంగా మళ్ళా ఏస్తానంటే మీ నాయన ఏయనీలే. ఆ ముడి కాడనే పాట బాగుండాదనేవాడు."

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఇంకోసారి పెట్టప్పా," అంది.

పెట్టాను. ఈసారి అమ్మ వెక్కింది.