నా మెడలో పడ్డ డోలు

నిరుడు కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా పల్లె వాద్యాలు వినిపించే బస్సు యాత్రలో ఒంటరిగా చేరాను. మిగతావాళ్లంతా జంటలు. నన్ను పలకరించే దిక్కు లేక, "మా బాపు డోలు కొడితే మానేరుల చేపలు ఎగిరేటియి. నాకూ నేర్పిండు" అని కోతలు కోశాను. బస్సంతా నా చుట్టూ చేరింది.

దారిలో ఒక ఊళ్లో ఒగ్గుకథ. డోలు కొట్టే మనిషికి జ్వరమట, కథ ఆగిపోయేలా ఉంది. పక్క సీటు లక్ష్మక్క ఊరుకుందా? "గీ అన్న ఉండంగ ఫికరెందుకు!" అంది. కథ చెప్పే పెద్దాయన డోలు తెచ్చి నా మెడలో వేశాడు.

నేను డోలు ఎన్నడూ ముట్టింది లేదు. నాకు తెలిసిన దరువు ఒక్కటే: సిరిసిల్లలో బాపు నడిపిన మరమగ్గం, మేము సాంచ అంటాం, దాని చప్పుడు. చిన్నప్పుడు దాని పక్కనే నిద్రపోయేవాణ్ని. కళ్లు మూసుకుని అదే కొట్టాను. పెద్దాయన కాసేపు విని, ఆ దరువు మీదే కథ ఎత్తుకున్నాడు.

అయ్యాక, "గిది ఏడి దరువు కొడుకా?" అన్నాడు.

"మా బాపు సాంచ చప్పుడు. ఆయన పోయినంక ఇయ్యాలనే ఇన్న" అన్నాను.

లక్ష్మక్క పకపకా నవ్వింది. "ఎన్ని కోతలు కోస్తవ్ అన్నా! సాంచతోని డోలు నేర్సుకున్ననంటే ఎవ్వలు నమ్ముతరు?" బస్సువాళ్లంతా ఆమెతో కలిసి నవ్వారు.

ఆ యాత్రలో నేను చెప్పిన ఒకే ఒక్క నిజం అదే. అయినా బాధ కలగలేదు. నమ్మనివాళ్లంతా అప్పటిదాకా మా బాపు చప్పుడుకు తలలూపినవాళ్లే కదా!