దిష్టి నర్సమ్మ

నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో జగిత్యాలలో మాకు శిక్షణ పెట్టారు. పిల్లల తిండి గురించి తల్లులతో ఎట్లా మాట్లాడాలో నేర్పడానికి వచ్చిన సారు, చల్లని ఏసీ హాల్లో తెర మీద బొమ్మలు చూపిస్తూ ఒకే మాట తిప్పి తిప్పి చెప్పాడు. "సలహా ఇచ్చే ముందు బిడ్డను మెచ్చుకోండి. ఇంట్లోవాళ్ళ మనసు విచ్చుకుంటుంది." మేమంతా తలలూపి, బిర్యానీ తిని, ఇంటికొచ్చాం. ఆ సారు ఎప్పుడైనా ఒక పిల్లను దాని నాయనమ్మ ముందు మెచ్చుకుని ఉంటే, ఆ సలహా ఇచ్చేవాడు కాదు.

నేను మెచ్చుకున్నాను. కోరుట్లలో కిరాయి గదిలో ఉంటూ ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊరికి డ్యూటీకి పోయేదాన్ని. టీకాల రోజు అంగన్‌వాడీలో ఒక పిల్లవాణ్ణి తూకం వేసి, "అబ్బ, ఎంత ముద్దుగున్నడు, మంచి బరువున్నడు!" అన్నాను. మాది సిరిసిల్ల. మరమగ్గాల చప్పుడులో పుట్టి పెరిగినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. నా మెచ్చుకోలు బజారు దాకా వినిపించింది. వాడి నాయనమ్మ నా ఎదురుగానే "థూ, థూ" అని, వాణ్ణి కొంగులో చుట్టుకుని పోయింది. సాయంత్రం వాడికి జ్వరం వచ్చింది. అది టీకా జ్వరం, వస్తుందని ముందే చెప్పాను. ఎవరు వింటారు? హిందువుల ఇండ్లలో దిష్టి అన్నారు, ముస్లింల ఇండ్లలో నజర్ అన్నారు. ఎండుమిరపకాయలు మాత్రం అందరూ ఒకే దుకాణంలో కొన్నారు.

నాకు బుద్ధొచ్చింది. అప్పటి నుంచి శిక్షణను తిరగేసి వాడటం మొదలుపెట్టాను. పిల్ల ఎంత బొద్దుగా ఉంటే అంత గట్టిగా తిట్టేదాన్ని. "ఏందవ్వా, గీ కట్టెపుల్లను ఏడికెల్లి పట్టుకచ్చినవ్?" అంటే నాయనమ్మలు మురిసిపోయేవారు. "గీ నర్సమ్మకు మర్యాద తెలుసు" అని పేరొచ్చింది. ఒకామె పచ్చిపసుపు కొమ్ములు పొట్లం కట్టి ఇచ్చింది. తిట్టినకొద్దీ గౌరవం పెరిగే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

చిక్కంతా నిజంగా కట్టెపుల్లలాంటి పిల్ల ఎదురైనప్పుడు వచ్చింది.

ఏడాది దాటిన పాప. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి పసుపు చేనుకు పోతుంది కనుక పాప రోజంతా నాయనమ్మ దగ్గరే. ఒకసారి విరేచనాలు పట్టుకుంటే, తింటే మళ్ళీ అవుతాయని ఆ అవ్వ పాపకు అన్నం మాన్పించింది. విరేచనాలు ఆగాయి, అన్నం మాత్రం తిరిగి రాలేదు. పొద్దున చాయలో బిస్కెట్, మధ్యాహ్నం చాయలో బిస్కెట్, ఏడిస్తే ఉత్త బిస్కెట్. అంగన్‌వాడీలో పాప కోసం ఇచ్చే పిండి ఇంటి బర్రె తింటోంది. బర్రె నిగనిగలాడుతోంది.

తూకం వేసి, పాప జబ్బకు కొలత పట్టీ చుట్టాను. ఆకుపచ్చ రంగు దగ్గర ఆగితే క్షేమం, ఎరుపు దగ్గర ఆగితే ప్రాణానికే ముప్పు. ఎరుపు దగ్గర ఆగింది.

"అవ్వా, పిల్ల మస్తు బక్కగైంది. జగిత్యాల దవాఖానకు తీస్కపోవాలె" అన్నాను.

అవ్వ ముఖం వెలిగిపోయింది. "నీ నోట్ల చక్కెర వొయ్య! నీ లెక్క మాట్లాడేటోళ్ళు గీ ఊర్ల లేరు."

"పరాచికం కాదవ్వా, నిజంగనే అంటున్న. సూడు, ఎరుపచ్చింది."

"ఎరుపు మంచిదే గద బిడ్డా. కుంకుమ రంగు."

పక్కటెముకలు చూపిస్తే పక్కింటామెను పిలిచి మరీ నవ్వింది. నవ్వనిది కోడలొక్కతే. పాపను ఎత్తుకుంటూ నా వైపు చూసింది గాని, అత్త మాట లేనిదే దవాఖానకు బయల్దేరే వీలు ఆమెకు లేదు. ఇన్నాళ్ళూ పేరు తెచ్చిన నోరు, అవసరానికి చెల్లని నోటైంది.

మళ్ళీ టీకాల రోజుకు పాప ఇంకా తగ్గింది. ఏడవడం కూడా మానేసింది. పసిపిల్ల ఏడవకపోతే ఇంట్లోవాళ్ళు బుద్ధిమంతురాలు అంటారు, మాకు గుండె జారిపోతుంది. ఊరి ఆడవాళ్ళంతా చేరేదాకా ఆగి, సిరిసిల్ల గొంతు విప్పాను.

"అబ్బబ్బా! గీ పిల్లేంది గింత ముద్దుగున్నది! బుగ్గలు సూడుండ్రి, పూరీల లెక్క! చేతులు సూడుండ్రి, ఎంత లావున్నయో! గిసొంటి పిల్ల ఊర్ల ఇంకోటి లేదు!"

అందరూ పూరీల్లాంటి బుగ్గల కోసం వెతికారు. అవ్వ గబుక్కున కొంగు కప్పబోయింది. పాప చేయి ఆమె చేతికి తగిలింది. ఆగి, ఆ చేతిని పట్టుకుని చూసింది. ఎన్నాళ్ళకో చూసింది.

"ఓ నా బిడ్డో! పిల్ల ఎండిపాయె! నీ కండ్లల్ల మన్ను వడ!"

నా దిష్టి తగిలి, నేను మాట ముగించేలోపే పాప చిక్కిపోయిందని ఊరంతా తేల్చేసింది. దిష్టి తీయాలంటే పెట్టినవాళ్ళ కాలి కింది మన్ను కావాలి. అవ్వ నా చెప్పుల దగ్గర వంగింది. అంగన్‌వాడీలో సిమెంటు గచ్చు, మన్ను ఎక్కడిది?

"అవ్వా, గది మన్నుతోని పోదు" అన్నాను. "నాది దవాఖాన దిష్టి. దవాఖానలనే తియ్యాలె. పెట్టినదాన్ని నేనే దగ్గరుండి తీపిస్త. జగిత్యాలకు నడువు."

అవ్వ నమ్మింది. కోడలు అప్పటికే చెప్పులేసుకుంది.

బస్సులో పాప నా కంట పడకుండా నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. జగిత్యాల దవాఖానలో డాక్టరు జబ్బేమిటని అడిగితే అవ్వ నా వైపు వేలు చూపించింది. నేను తలొంచుకుని, అవును సార్ అన్నాను. పాపను అక్కడే ఉంచుకుని కొద్దికొద్దిగా తిండి అలవాటు చేశారు. ఇచ్చిన ప్రతి పాలగిన్నెనూ అవ్వ పాప తల చుట్టూ తిప్పి తాగించేది. పాలు నోట్లోకే పోతున్నాయి కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు. దుబాయి నుంచి తండ్రి ఫోన్ చేసి నన్ను కడుపునిండా తిట్టాడు. తిట్లయ్యాక, ఇంటికి పోయాక పాపకు రోజూ గుడ్డు పెట్టించమని చెప్పాను.

పాప బతికింది. నా పేరు పోయింది. ఇప్పుడు ఆ ఊళ్ళో నేను దిష్టి నర్సమ్మను. అన్నం తినకపోతే నన్ను పిలుస్తామని పిల్లల్ని బెదిరిస్తారు, వాళ్ళు గబగబా తినేస్తారు. ఈ పద్ధతి శిక్షణలో ఎందుకు చెప్పరో తెలియదు.

మొన్న ఆ అవ్వ పాపకు సూది వేయించడానికి తెచ్చింది. ముఖం చూపించలేదు. కొంగు కింద దాచి, ఒక్క కాలు మాత్రం బయట పెట్టింది. తొడ పట్టుకున్నాను. నా చేతికి పట్టలేదు. మడతలు పడి, మెత్తగా, వెచ్చగా ఉంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవ్వ మాత్రం ఊపిరి బిగబట్టి నా నోటినే చూస్తోంది.

"ఏందవ్వా," అన్నాను, "గీ కట్టెపుల్ల కాలు?"

"గట్లనే అను బిడ్డా," అంది అవ్వ, "నీ నోట్ల చక్కెర వొయ్య."