కుందుల కోసం ఇచ్చిన వెండి

తొంభైల చివర్లో నాకు పాత రోమన్ వెండి నాణేల పిచ్చి పట్టింది. బెంగళూరులో నాణేల ప్రదర్శన పెట్టినప్పుడల్లా వెళ్ళేదాన్ని. నాలుగేళ్ళలో మూడు కొన్నాను. బొటనవేలి గోరంత బిళ్ళలు. ఒకవైపు రాజు తల, చుట్టూ అరిగిపోయిన అక్షరాలు. మన మిరియాల కోసం వచ్చిన ఓడల్లో ఇటు చేరాయట. వాటికి డబ్బు తగలేశానంటే ఏమంటారోనని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. బీరువాలో పాత కాలిపట్టీలున్న డబ్బాలోనే దూదిలో చుట్టి పెట్టాను.

ఒక శనివారం మధ్యాహ్నం చూస్తే డబ్బా లేదు.

"అత్తా, పట్టీల డబ్బా ఏది?"

మా అత్తది హిందూపురం. వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే చెప్పింది. "పొద్దున నగరత్‌పేటలో కంసాలి ఆచారికి ఇచ్చొస్తినమ్మా, దీపాల కుందులు చేయమని. నల్లగా మూడు బిళ్ళలుండె, అవీ వేసేస్తిని."

అవేమిటో చెప్పేసరికి అత్త ముఖం పాలిపోయింది. "నాతో ఒక మాట చెప్పింటే కదా!" అని చెప్పులు వేసుకుంది. "పద, నేనూ వస్తా."

ఆటోలో దారంతా అత్త నా చెయ్యి వదల్లేదు.

కొట్లో కుంపటి రాజుకుని ఉంది. మమ్మల్ని చూసి ఆచారి నవ్వాడు. "పట్టీలు కరిగించేసినానమ్మా. రెండు రోజుల్లో కుందులు తయారు."

"ఆ నల్ల బిళ్ళలు?" అని అడిగాను.

ఆయన సొరుగు లాగి ఒక కాగితం పొట్లం తీశాడు. "ఒకదానికి చిల్లు ఉండాది చూడండి. ఎవరో మెడలో కట్టుకున్నట్టుండాది. మీ పెద్దోళ్ళ తాయెత్తేమో, అడక్కుండా కరిగించేదెట్లా అని పక్కన పెట్టినా."

మూడూ ఉన్నాయి. అక్కడే గడప మీద కూలబడి ఏడుస్తూ నవ్వాను. ఆచారి కంగారుపడి నీళ్ళు తెప్పించాడు. అత్త నా వీపు నిమురుతూ తనూ కళ్ళు తుడుచుకుంది.

తిరుగు దారిలో చిల్లున్న నాణేన్ని అత్త వెలుతురుకి పట్టి చూసింది.

"ఈయప్ప ఏ ఊరి రాజు?"

"రోమ్."

"కట్టుకున్నోళ్ళు మాత్రం మనోళ్ళే అయింటారు," అంది. "ఆ రెండు కూడా ఇయ్యి, చూస్తా."

ఇల్లు చేరేదాకా ఏది ఎక్కడ దొరికిందో, ఎలా దాచానో చెబుతూనే ఉన్నాను. నాలుగేళ్ళలో ఆ సంగతి ఇంకొకరితో మాట్లాడడం అదే మొదలు.