లా చదివిన నాలుక

ఆ రోజుల్లో నేను అలసట ఎరుగని కుర్రాణ్నని మా ఇంట్లో ఇప్పుడు చెప్పుకుంటుంటారు. శుద్ధ అబద్ధం. ఆ రోజుల్లోనే నేను బాగా అలసిపోయి ఉన్నాను, ఇప్పుడు నాలో కనిపిస్తున్నది దాని మిగులే. ఐదేళ్లు లా చదివాను. ఆ తర్వాత గుంటూరులో ఒక పెద్ద లాయరు గారి వెనక ఏడాదిన్నర పాటు ఫైళ్లు మోశాను (ఫైళ్లంటే కాస్త గౌరవంగా ఉంటుందని అలా అన్నాను, ఎక్కువగా మోసింది ఆయన క్యారేజీ). "ఏం చదివావు బాబూ?" అని ఎవరైనా అడిగితే ఒక్క అక్షరంతో నా జవాబు అయిపోయేది. "లా." ఇంజనీరింగు వాళ్లకీ, డాక్టరీ వాళ్లకీ లేని సుఖం అది. కాకపోతే ఆ అక్షరం విన్నవాళ్లు "ఓహో" అని, "మరి ఇప్పుడేం చేస్తున్నావు?" అనేవాళ్లు. దానికి జవాబు చెప్పాలంటే మాత్రం చాలా అక్షరాలు ఖర్చయ్యేవి.

అప్పుడు నేను చేస్తున్నది గుంటూరు శివార్లలో విదేశాలకు మిర్చి పంపే ఒక యూనిట్లో ఉద్యోగం. "లా చదివినవాడు, కాగితాలు చూసుకుంటాడు" అని ఓనరు గారు నన్ను తీసుకున్నారు. నిజంగానే కాగితాలు చూసుకున్నాను. మిర్చి బస్తాని మా దగ్గర టిక్కీ అంటారు. ప్రతి టిక్కీ మీదా ఏ రకం, ఏ ఊరు అని రాసిన చీటీ ఒకటి అంటించాలి. ఆ చీటీలు రాసేదీ నేనే, జిగురు పూసేదీ నేనే. నాన్నకి మాత్రం "కంపెనీలో లా వ్యవహారాలన్నీ నా చేతిమీదుగానే నడుస్తాయి" అని ఫోన్లో చెప్పాను. నాన్న మార్టూరు పక్క ఊళ్లో, ఒకవైపు నల్లరేగడి చేలు, ఇంకోవైపు రాళ్లు కోసే మిషన్ల రొద మధ్య, కొద్దిపాటి పొలంలో మిర్చి పండించేవాడు. ఆ మాట ఆయన ఊరంతా చెప్పుకున్నాడని, టీకొట్టు దగ్గర రెండుసార్లు చెప్పాడని తర్వాత తెలిసింది.

"లా" అనే అక్షరం నా ఒక్కడి సొత్తు కాదని నాకు మొదట అనుమానం వచ్చింది ఆ యూనిట్లోనే. మలేషియా నుంచి ఫోన్ చేసే వ్యాపారి ప్రతి మాట చివరా "ఓకే లా, నో లా, టుమారో లా" అనేవాడు. ఓనరు గారు ఫోను పెట్టేసి "ఈయన పాట పాడుతున్నట్టు మాట్లాడతాడయ్యా, బేరం ఎక్కడుందో తెలిసి చావదు" అని నిట్టూర్చేవారు. బస్తాలు మోసేవాళ్లలో బీహారు నుంచి వచ్చిన బలమైన మనిషి ఒకాయన ఉండేవాడు, అందరూ భయ్యా అనేవాళ్లం. హిందీలో "లా" అంటే "తే" అని స్కూల్లో చదువుకున్నదే గానీ, ఆయన ఆ అక్షరాన్ని ఎంత భక్తిగా పాటిస్తాడో నాకు చైనా ఆవిడ వచ్చిన రోజున తెలిసింది.

వేసవి మొదట్లో అనుకుంటాను, కాయ జోరుగా వస్తున్న రోజులు. సరుకు చూసి ఎంచుకోవడానికి చైనా నుంచి ఒకావిడ వచ్చింది. చిన్న మనిషి, పెద్ద టోపీ, చేతిలో నోటుపుస్తకం. ఆవిడ వెంట చెన్నై నుంచి ఒక దుభాషీ రావాలి. వచ్చాడు కూడా, కానీ ముందురోజు మా మెస్సులో పప్పులో ఆవకాయ కలుపుకుని మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. తెల్లవారేసరికి హోటలు గది దాటి బయటికి రాలేని స్థితిలో ఉన్నాడు. ఓనరు గారు నన్ను పిలిచి "నువ్వు లా చదివావు కదయ్యా, ఇంగ్లీషొస్తుంది. ఆవిడ వెంట ఉండు" అన్నారు. "ఆవిడకి ఇంగ్లీషు రాదటండి" అన్నాను. "నీకొచ్చుగా, సగం పని అయినట్టే" అని ఆయన మోకాళ్లు పట్టుకుని మేడ మీద ఏసీ గదిలోకి వెళ్లిపోయారు. ఆ మోకాళ్ల సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు వాటికి చాలా కష్టం రాబోతోంది.

అదే పొద్దున నాన్న తన పంటంతా ఒక ట్రాలీ ఆటోలో వేసుకుని గుంటూరు బయల్దేరాడు. కొడుకు కంపెనీకి చైనా వాళ్లు వస్తున్నారని విన్నాడు, తన కాయ కూడా వాళ్లకి చూపించమన్నాడు. ఓనరు గారు సరేనన్నారు. ఆవిడ "ఊఁ" అంటే ఏడాది కష్టం ఆ పూటే గట్టెక్కుతుంది. అనకపోతే మిర్చి మార్కెట్ యార్డుకి తోలుకుపోయి, అక్కడ ఎవరెంతంటే అంతకు తలవంచాలి. నాన్నకి మాత్రం ఏ అనుమానమూ లేదు. తేజ రకం విత్తనం వేశాడు, అది ఘాటుకి పెట్టింది పేరు, పైగా కంపెనీలో కొడుకున్నాడు.

చైనా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి "యూ. స్టడీ?" అని అడిగింది. ఎప్పటిలాగే ఒక్క అక్షరంలో చెప్పాను. "లా." ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. "లా?" అంది. "ఫైవ్ ఇయర్స్" అని ఐదు వేళ్లూ చూపించాను. ఆవిడ నాకు చిన్నగా వంగి దణ్ణం లాంటిది పెట్టింది. లా చదివినందుకు నాకు ఎవరైనా వంగి మర్యాద చెయ్యడం అదే మొదలు, కాబట్టి చాలా సంతోషించాను. (వాళ్ల భాషలో "లా" అంటే కారం అని, ఐదేళ్లపాటు కాలేజీలో కూర్చుని కారం గురించి మాత్రమే చదివిన మహానుభావుణ్నని ఆవిడ అనుకుందని నాకు మధ్యాహ్నం దాకా తెలియలేదు.) వెంటనే ఒక ఎండుమిరపకాయ నా చేతిలో పెట్టి "యూ. ఈట్" అంది. ఇది వాళ్ల దేశపు గౌరవం కాబోలని తినేశాను. నేను చిన్నప్పట్నుంచీ పెరుగన్నం మనిషిని. మా ఇంట్లో మిరపకాయ పండించేది అమ్మడానికే గానీ నేను తినడానికి కాదు.

"లా?" అని అడిగింది. నా చదువు గురించే మళ్లీ అడుగుతోందనుకుని, నోట్లో మంటలోంచే గట్టిగా తలూపాను. ఆవిడ తనూ ఒకటి కొరికి, తృప్తిగా "లా, లా" అంది. పక్కన నిలబడ్డ భయ్యా "తే, తే" అని విని రెండు టిక్కీలు తెచ్చి పడేశాడు. వాటిలోంచి చెరో కాయ తీసింది. నేను తిన్నాను. "లా?" తలూపాను. భయ్యా ఇంకోటి తెచ్చాడు. ఇలా మా ముగ్గురి మధ్యా ఒకే అక్షరం తిరుగుతూ ఉంది, ముగ్గురికీ పని సవ్యంగా జరుగుతున్నట్టే ఉంది, బాధ నా నాలుక ఒక్కదానికే. ఏడో టిక్కీ దగ్గర ఆవిడ మొహం చిట్లించి "బు లా" అంది. భయ్యా మేడమెట్లు రెండేసి చొప్పున ఎక్కి ఓనరు గార్ని పిలుచుకొచ్చాడు. హిందీలో "బులా" అంటే పిలవమని కదా మరి. ఓనరు గారు మోకాళ్లు పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగి, చెమటలు తుడుచుకుంటూ "ఏమైందమ్మా?" అన్నారు. ఆవిడ నవ్వింది. ఆయనా నవ్వి, పైకి వెళ్లిపోయారు. పదకొండో టిక్కీ దగ్గర ఇంకోసారి ఇదే జరిగింది. ఈసారి ఆయన నవ్వలేదు.

నాన్న వచ్చేసరికి నేను ఒక బస్తాకి చేరబడి నిలబడి ఉన్నాను. ముక్కూ కళ్లూ ఏకధారగా కారుతున్నాయి. పెదాలు ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతున్నాయో తెలియడం లేదు. ఆవిడ నా నోటికి ఇంకో కాయ అందిస్తోంది. నాన్న కండువా భుజాన సర్దుకుని కొంచెంసేపు చూశాడు.

"ఒరేయ్, లా అంటే ఇదేనంట్రా?" అన్నాడు.

నోరు తిరిగితే ఏదో ఒకటి చెప్పి ఉండేవాణ్ని. తిరగలేదు. అంతలో భయ్యా నాన్న తెచ్చిన టిక్కీల్లోంచి ఒకటి తెచ్చి మా ముందు దించాడు. కాయ చూడ్డానికి ఎంత బాగుందో. పొడుగ్గా, ఎర్రగా, తెల్లబారిన తాలుకాయ అన్నది లేకుండా. నేను ఒకటి తిన్నాను. నాకేమీ తెలియలేదు, నా నాలుక అప్పటికి చచ్చి చాలాసేపైంది. "లా?" అని అడిగింది. నాన్న నావైపు చూస్తున్నాడు. మెడ విరిగేట్టు తలూపాను. ఆవిడ కొరికింది, నమిలింది, ఇంకోటి కొరికింది. కాపీ కొట్టి దొరికినవాణ్ని పరీక్ష హాల్లో మాస్టారు చూసినట్టు నన్నొక చూపు చూసింది. "బు లా" అంది.

భయ్యా మెట్లవైపు పరిగెత్తాడు. "ఏమందిరా?" అని నాన్న అడిగాడు. "ఓనరు గార్ని పిలవమన్నట్టుంది" అన్నాను, ఆ మాటైనా ఎలాగో బయటికొచ్చింది. నాన్న మొహం వెలిగిపోయింది. మూడోసారి మెట్లు దిగి వచ్చిన ఓనరు గారికి రెండు చేతులూ జోడించి, "నమస్కారం అండి. మా కాయ చూసి మిమ్మల్నే పిలిపించిందండి ఆవిడ" అన్నాడు. ఆ పూట నాన్న నిలబడ్డ తీరు నాకింకా కళ్లకి కట్టినట్టుంది. ఆయన అంత నిటారుగా నిలబడటం అంతకుముందు నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడు కొబ్బరిబోండాం పట్టుకుని దుభాషీ గేట్లోంచి వచ్చాడు, పాపం ఆ గోడా ఈ గోడా పట్టుకుంటూ. ఆవిడతో కాసేపు మాట్లాడి, నోటుపుస్తకం చూసి మావైపు తిరిగాడు.

"సార్, వాళ్ల భాషలో లా అంటే కారం సార్. బు లా అంటే కారం లేదని. ఈ రైతు సరుకులో అసలు కారమే లేదంటున్నారు. ఇది వాళ్లకి వద్దంట సార్."

"అంటే కారం లేని కాయ దొరికినప్పుడల్లా నన్ను కిందకి దింపాడా వీడు?" అన్నారు ఓనరు గారు. "సాబ్, మేడం బోలీ, బులా" అన్నాడు భయ్యా, తన తప్పేమిటో తెలియక. అందరూ నవ్వారు. నవ్వాల్సిన సంగతే. నాన్న ఒక్కడు నవ్వలేదు. మా ప్రాంతంలో మిర్చి రైతుతో నీ కాయకి కారం లేదని అనడం మామూలు మాట కాదు.

నాన్న టిక్కీలోంచి ఒక కాయ తీశాడు. ఆయనకి కడుపులో పుండు, నాలుగేళ్లుగా కారం మానేశాడు. ఇంట్లో వాడేది కూడా పోయినేడాది కొట్టించిన కారమే. "నాన్నా, డాక్టరు వద్దన్నాడు" అన్నాను. "ఇందులో డాక్టరు వద్దనేదేముందో చూద్దాం" అని కాయంతా నమిలాడు. ఇంకోటి నమిలాడు. కళ్లలో నీటి చుక్క లేదు. వచ్చుంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

"నిజమేరా, చప్పగా ఉంది. ఆవిడ తప్పేం లేదు" అన్నాడు. బస్తా మీద కూర్చుని, "కోతకొచ్చిన ఆడోళ్లు ఈసారి చేతులు మండట్లేదయ్యా, నీ చేలో పనంటే హాయిగా ఉందన్నారు. నా మంచితనం అనుకున్నాను" అన్నాడు. నాకు దుఃఖం వచ్చింది. అప్పటికే కళ్లనిండా నీళ్లుండబట్టి దాచుకునే శ్రమ తప్పింది.

"నాన్నా, నేనిక్కడ లా చూడట్లేదు. చీటీలంటిస్తాను" అని చెప్పేశాను.

"తెలుసు. గేటు దగ్గర నీ పేరడిగితే, ఆ చీటీలబ్బాయా అన్నారు." కండువాతో నా ముక్కు తుడిచాడు, ఐదేళ్లు లా చదివిన నా ముక్కు. "నిన్నెందుకు చదివించానో తెలుసా? నువ్వు నాలా కాకూడదని. ఎవడేది అంటగడితే అది తెచ్చి నాటుకున్నోణ్ని నేను. నాకు అడగటం చాతకాదు. నువ్వన్నా అడుగుతావనుకున్నా."

"విత్తనాల కవరుందా?" అని అడిగాను. "ఉంది, దాచా" అన్నాడు. "ఎందుకు దాచావు?" అంటే, "బొమ్మ బాగుందని" అన్నాడు.

నా మొదటి కేసు ఆ బొమ్మతోనే మొదలైంది. ఆ సాయంత్రం చీటీల వెనక, తేజ అని చెప్పి నకిలీ విత్తనం అమ్మారని ఫిర్యాదు రాశాను, మధ్యలో కాయలు పట్టుకున్న చేత్తోనే కళ్లు నలుపుకుని కాసేపు గుడ్డివాణ్నయ్యాను కూడా. నాన్న కాయ యార్డుకే పోయింది. కేసు వాయిదాల మీద వాయిదాలు పడుతూ ఏళ్ల తరబడి నడిచింది. చివరికి గెలిచాం. గెలిచేసరికి నాన్న మిర్చి మానేసి శనగ వేస్తున్నాడు.

ఇప్పుడు నేను ఒంగోలులో లాయర్ని. ఎక్కువగా విత్తనాల కేసులే వస్తాయి. పొద్దుటి నుంచి ఎవరో ఒకరు సంచిలో కాయలు పట్టుకుని వస్తూనే ఉంటారు, అవే కవర్లు, అవే బొమ్మలు. ఒక్కో రోజు తలుపేసుకుని పడుకోవాలనిపిస్తుంది. పడుకోను, ఒక కాయ తీసి కొన విరిచి ముందు పళ్లతో నములుతాను. రైతు ఊపిరి బిగబట్టి నా మొహంలోకి చూస్తుంటాడు. నా నోట్లోంచి తెలియకుండానే "బు లా" అని వస్తుంది. మా గుమాస్తాకి ఏ భాషలోనూ దాని అర్థం తెలియదు, అయినా వెంటనే లేచి కొత్త ఫైలు తీస్తాడు. నాన్న శనగ పనుల్లేని రోజుల్లో వచ్చి బయట బెంచీ మీద రైతుల మధ్య కూర్చుంటాడు. నేను పక్కా రైతులా కాయ కొరికే తీరు చూసి వాళ్లెవరో ఒకరు "మీ అబ్బాయి అచ్చం మీలాగేనండి" అంటారు. ఆయన కోపం తెచ్చుకున్నట్టు కండువా దులుపుతాడు. "నాలా కాకూడదనే కదయ్యా లా చదివించింది" అంటాడు. లోపల కాయ నములుతూ నేను వింటూనే ఉంటాను, కళ్లలో నీళ్లు తిరుగుతుంటాయి, కాయలో కారం లేకపోయినా.